ఏసీ ఆపి చెప్పిన మాటలు

ఇంగ్లీషు కవిత్వానికి అది గొప్ప సంవత్సరం. ఈ మాట నేను చాలా సభల్లో చెప్పాను. ఆ సంవత్సరం లండన్‌లో అచ్చయిన కవుల్లో ఎడారి నుంచి రాసినవాణ్ణి నేనొక్కణ్ణేనని, నా పద్యం చదివి ఒక ఇంగ్లీషు ఇంజనీరు కళ్ళు తుడుచుకున్నాడని, ఇబ్రి క్యాంపులో నూటయాభై మంది లేచి నిలబడి విన్నారని కూడా చెప్పాను. మొన్న అటక మీది ఆకుపచ్చ సూట్‌కేసు దింపితే అడుగున ఆ పుస్తకం దొరికింది. నా పద్యం వెతుక్కోవడానికి కళ్ళద్దాలు చాల్లేదు, భూతద్దం కావలసి వచ్చింది. పేజీకి నలుగురేసి కవుల్ని చీమలబారులా ఇరికించారు. అడిగినవాడికల్లా చోటిచ్చిన పుస్తకం అది. అచ్చయింది లండన్‌లో కాదు, నాకిప్పటికీ పలకడం రాని ఏదో చిన్న ఊళ్ళో. ఇంజనీరు కళ్ళు తుడుచుకున్న మాట నిజమే, ఆ రోజు ఇసుకగాలి వీచింది. జనం నిలబడ్డదీ నిజమే, అక్కడ కుర్చీలు లేవు. నూటయాభై కాదు, ముప్పై మంది. ఒప్పుకోవడం మొదలుపెట్టాను కాబట్టి అసలుది కూడా ఒప్పేసుకుంటాను. ఆ పద్యం నాది కాదు.

అప్పుడు నేను మస్కట్‌కు చాలా దూరంగా, ఎడారిలో ఇబ్రి అనే ఊరు దాటి కొంత దూరంలో ఒక కట్టుబడి కంపెనీలో స్టోర్‌కీపర్ని. ఎత్తయిన నీళ్ళ ట్యాంకు ఒకటి కడుతున్నారు. క్యాంపులో తెల్లవారకముందే గ్యాస్ పొయ్యిల చప్పుడు, ఉల్లిగడ్డ వేగుతున్న వాసన, బాత్రూముల ముందు బకెట్ల వరస. బస్సు హారన్ కొట్టేసరికి అందరూ టిఫిన్ డబ్బాలు చంకన పెట్టుకుని ఎక్కేవాళ్ళు. నాకు బస్సుతో పని లేదు. స్టోరు క్యాంపు పక్కనే. నట్లు, బోల్టులు, వాల్వులు, గ్రీజు డబ్బాలు, వాటి మధ్య నేను. నా చొక్కా ఎన్నిసార్లు ఉతికినా గ్రీజు వాసనే వచ్చేది. శుక్రవారం మాత్రం క్యాంపు వేరే ఊరయ్యేది. తాళ్ళ నిండా లుంగీలు ఆరేవి, ప్రతి రూమ్‌లోనూ మాంసం ఉడికేది, ఒకరి తల ఇంకొకరు గొరిగేవాళ్ళు.

అక్కడ అందరికీ పట్టిన ఒక జబ్బు ఉండేది, అనుమానం. కంపెనీ ఇచ్చే మంచినీళ్ళలో ఏదో కలుపుతున్నారని అనుమానం. ఫోర్‌మన్ నవ్వితే ఎవరి డ్యూటీయో ఊడబోతోందని అనుమానం. ఒకడికి ఊరి నుంచి మందపాటి కవరు వస్తే, వాడు వేరే కంపెనీకి కాగితాలు పెట్టుకున్నాడనో, మన మీద యజమాని అర్బాబుకు ఫిర్యాదు రాస్తున్నాడనో అనుకునేవాళ్ళం. అనుమానించకపోతే అమాయకుడని పేరు, అమాయకుడంటే అక్కడ తిట్టు. వారం వారం మస్కట్ వెళ్ళి ఉత్తరాలు తెచ్చేది డ్రైవర్ ఖాదర్ భాయ్. కడప మనిషి, ఇంటర్ ఇంగ్లీషు మీడియంలో చదివినవాడు. తెలుగు మాట్లాడితే కడప, తిడితే ఉర్దూ. కవరు చేతికిచ్చేముందు బరువు చూసేవాడు. "లావుగుందే స్వామీ, ఏం సంగతి?" అని అడగకుండా ఎవరికీ ఇవ్వలేదు.

మా ఇంజనీరు పొడుగాటి ముసలి ఇంగ్లీషు మనిషి. ఆయనకు నెలకోసారి కాగితం చుట్టలో ఏవో పత్రికలు వచ్చేవి. చదివి స్టోరులో పడేసేవాడు, నేను వాటిలో కుళాయిలు చుట్టి అరల్లో పెట్టేవాణ్ణి. ఒక మధ్యాహ్నం వాల్వు కోసమని వచ్చి, పొట్లం విప్పి, వాల్వు వదిలేసి కాగితం చదువుతూ నిలబడిపోయాడు. అప్పుడు చెప్పాడు, ఆ ఏడాది వాళ్ళ దేశంలో కవిత్వం పంట విరగకాసిందట. వారానికో కొత్త పుస్తకం, బహుమతుల మీద తగాదాలు, ఎక్కడెక్కడి దీవుల నుంచో వచ్చినవాళ్ళూ, గనుల్లో పనిచేసే ఇళ్ళలో పుట్టినవాళ్ళూ పెద్దవాళ్ళ పక్కన అచ్చవుతున్నారట. "ఇలాంటి సంవత్సరం నా వయసులో చూడలేదు," అన్నాడు. ఆ మాట నన్ను పట్టుకుంది. దీవుల వాళ్ళకు చోటుంటే జగిత్యాల వాడికి ఎందుకుండదు? ఆ రాత్రే పొట్లాలన్నీ విప్పి చదివాననీ, ఆ ఏటి కవిత్వాన్నంతా ఔపోసన పట్టాననీ చెప్పుకునేవాణ్ణి. నిజానికి నాకు అందులో సగం మాటలు తెలియవు. చదివింది ఆఖరి పేజీలో చిన్న డబ్బా కట్టి వేసిన ప్రకటన ఒక్కటే. ఆ ఏడాది కొత్త కవులతో ఒక సంకలనం వేస్తున్నారట, ఎవరైనా పంపవచ్చట, రుసుము లేదట.

రుసుము లేదనగానే నాకు అనుమానం వచ్చింది. ఖాదర్ భాయ్‌కి చూపించాను.

"ఊరికే అచ్చేస్తారట భాయ్. నమ్మొచ్చా?"

"ఊరికే ఇచ్చేది ఈడ ఎండ ఒకటే స్వామీ," అన్నాడాయన. "పంపు, పంపితే పోయేదేముంది. పాస్‌పోర్టు మాత్రం అడిగితే ఇయ్యాకు."

రాయబోతే తెలిసింది. నా ఇంగ్లీషంతా సప్లయర్లకు ఉత్తరాలు రాసి నేర్చుకున్నది. చందమామ మీద ఏడు పద్యాలు రాశాను. ఏడూ చందమామకు సరుకు తక్కువొచ్చిందని రాసిన ఫిర్యాదుల్లాగే ఉన్నాయి. చించి గ్రీజు తుడుచుకున్నాను.

ఇక్కడ కేసెట్ల సంగతి చెప్పాలి. ఫోన్ చేయాలంటే ఇబ్రి దాకా పోవాలి, ఊళ్ళో ఫోన్ ఉన్న ఇంటికి ఇంట్లోవాళ్ళు పోయి కూర్చోవాలి. ఉత్తరం రాయాలంటే సగం మందికి చదువు లేదు. అందుకని మాటలు కేసెట్లో నింపి, సెలవు దొరికి చుట్టీ మీద ఊరికి పోయేవాడి చేతికి ఇచ్చేవాళ్ళు. రెండో వైపు ఇంటివాళ్ళు మాట్లాడి తిరిగి పంపేవాళ్ళు. మా రూముల లైన్‌లో టేప్‌రికార్డర్ నాది ఒకటే. శుక్రవారం అన్నాలయ్యాక ఒకరి తర్వాత ఒకరు వచ్చేవాళ్ళు. దానికొక పద్ధతి ఉండేది. ఏసీ నడుస్తుంటే ఆ మోతకు మాట వినబడదు, కాబట్టి ఆపేయాలి. తలుపు వేయాలి. నేను రెండు మీటలు కలిపి నొక్కి బయటికి పోవాలి. ఆ రేకుల రూమ్‌లో, ఆ ఎండలో, మనిషి ఒక్కడే చెమటలో మునిగి పెళ్ళాంతో మాట్లాడి వచ్చేవాడు. బయట నీడలో కూర్చున్నవాళ్ళు, వాడు తమ గురించి ఏం చెబుతున్నాడోనని తలుపు వైపు చూస్తుండేవాళ్ళు. వాడు వచ్చాక నేను లోపలికి పోయి, మాట పడిందో లేదో తెలియడానికి మొదటి రెండు ముక్కలు విని, ఇంకెవరూ దాని మీద మళ్ళీ రికార్డు చేయకుండా కేసెట్ వీపున ఆ వైపుకు ఉండే చిన్న ప్లాస్టిక్ పలకను విరిచేసేవాణ్ణి. ఉత్తరానికి లక్క ముద్ర వేసినట్టన్నమాట. రెండు ముక్కలే వినాలి. క్యాంపులో రాయని చట్టం అది. నా మీద ఎవరికీ లేని అనుమానం అదొక్కటే.

నా రూమ్‌లో ఉండే గంగారాం కోరుట్ల దగ్గరివాడు. ట్యాంకు మీద సెంట్రింగ్ పని. మాట తక్కువ. నేను అన్నం తిని కంచం వదిలేస్తే మాట్లాడకుండా కడిగి పెట్టేవాడు. ఊళ్ళో ఆయన ఇల్లు గోడల దాకా లేచి కప్పు లేక ఆగిపోయి ఉంది. అంతకుముందు నెలలో ట్యాంకు మీద ఒక బిహారీ కుర్రవాడికి కళ్ళు తిరిగాయి. పడలేదు, కడ్డీ పట్టుకుని కూర్చుండిపోయాడంతే. ఫోర్‌మన్ వాణ్ణి దింపించి, "ఎత్తంటే భయమున్నోడు నాకొద్దు" అన్నాడు. పది రోజుల్లో వాణ్ణి పనిలోంచి ఖలాస్ చేసి విమానం ఎక్కించారు. అప్పటి నుంచి ట్యాంకు మీది వాళ్ళందరూ కిందికి దిగాక కొంచెం గట్టిగా నవ్వడం మొదలుపెట్టారు.

ఆ శుక్రవారం గంగారాం మాట్లాడి బయటికి వచ్చాడు. నేను లోపలికి పోయి, వెనక్కి తిప్పి, మీట నొక్కాను. రెండు ముక్కలయ్యాక ఆపలేదు. ఇది పొరపాటని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. పొరపాటు కాదు. ఏసీ వేయకుండా, తలుపు గడియ పెట్టుకుని విన్నాను.

"రాజవ్వా, మంచిగున్నవా," అంటున్నాడు టేపులో. "ఎవ్వలకు చెప్పకు గని, మీదికి ఎక్కాల్నంటె నాకు పాణం పోతాంది. కిందికి జూస్తె కాళ్ళు నీళ్ళయితన్నయ్. అందుకనే మీదికి జూసుకుంటనే ఎక్కుత. మీద ఏమున్నది, ఆకాశం. పట్టుకునేటందుకు ఏం లేదండ్ల. మన బాయి తాడుకు ఈ ఎండకాలం ఎన్ని మూరలు ముడేసినవ్? నువ్వు దినాం కిందికి ఇడుస్తున్నవ్, నేను దినాం మీదికి పోతున్న. మనిద్దరి నడుమ ఎంత దూరమైతదో ఎవలు కొలుస్తరు? ఈ మాటు నువ్వు ఎక్కువ మాట్లాడకు. టేపు పెట్టి ఊకె నీ పని నువ్వు జేస్కో. ఇంటి సప్పుడు ఇంట."

ఆ తర్వాత ఆయన ఏమీ మాట్లాడలేదు. టేపు మాత్రం తిరుగుతూనే ఉంది.

నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. గంగారాం మీద జాలితో కాదు, దొంగకు తాళం లేని ఇల్లు కనబడినప్పటి సంతోషంతో. పలక విరిచి, కేసెట్‌ను గుడ్డలో చుట్టి, ఊరికి పోయేవాడికి అందించమని ఖాదర్ భాయ్‌కి ఇచ్చాను. ఆ రాత్రి ఆ మాటల్నే ఇంగ్లీషులోకి దింపాను. నావి కాని మాటలు కావడం వల్లనో ఏమో, అవి సప్లయర్‌కు రాసినట్టు లేవు. చివర కొంచెం ఖాళీ అనిపిస్తే నా చందమామను పెట్టాను. కింద నా పేరు రాసి పంపాను.

మూడు నెలలకు కవరొచ్చింది. ఎంపికైందట, సంతోషమట, పుస్తకం మాత్రం కొనుక్కోవాలట. కొన్నాను. అది వచ్చినప్పుడు ఖాదర్ భాయ్ దాన్ని రెండు చేతులతో పట్టుకొచ్చాడు. లండన్ రాణి ముద్ర, స్టోర్‌కీపర్ పేరు. సాయంత్రానికి క్యాంపంతా పుకారు పాకింది. స్టోరోడు ఇంగ్లీషోళ్ళకు మన మీద కంప్లైంట్ రాశాడు, దొంగతనంగా ఎవరెంత సిమెంటు అమ్ముకున్నారో పుస్తకం వేయించాడు, అందులో అందరి పేర్లూ ఉన్నాయి. శుక్రవారం నేను కవినని చెబితే ఎవడూ నమ్మలేదు.

"కవివా? నిన్నటిదాకా బోల్టులు లెక్కవెడ్తివి గదనే," అన్నాడొకడు.

"గట్లయితె సదువు. అందరి ముంగట సదువు," అన్నాడు ఇంకొకడు.

చదువుతాను, కాని నా ఇష్టమొచ్చినట్టు చెబుతాను, దానిదేముంది అనుకున్నాను. వాళ్ళు అంత తెలివితక్కువ వాళ్ళు కాదు. పుస్తకం నా చేతిలోంచి లాక్కుని ఖాదర్ భాయ్‌కి ఇచ్చారు. ఫోర్‌మన్ కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇసుకగాలి లేస్తోంది. ఇంజనీరు తన కారు దగ్గర ఆగి చూస్తున్నాడు. గంగారాం పళ్ళెం కడుక్కుంటూ కుళాయి దగ్గర ఉన్నాడు.

ఖాదర్ భాయ్ లైన్ చదవడం, హిందీలో చెప్పడం, మళ్ళీ మావాళ్ళ కోసం తెలుగులో చెప్పడం. "పైకి ఎక్కాలంటే నాకు పాణం పోతాదంట. కిందికి చూస్తే కాళ్ళు నీళ్ళయితాయంట."

అందరూ ఘొల్లుమన్నారు. "స్టోర్ సారూ, నువ్వెప్పుడు ఎక్కినవే? మూడో అరకు స్టూలేసుకుంటవ్!"

ఫోర్‌మన్ మాత్రం నవ్వలేదు. "ఈ భయమెవడిది?" అన్నాడు హిందీలో, ట్యాంకు పనివాళ్ళ వైపు చూస్తూ.

నేను నాదే అన్నాను. కవులు ఊహిస్తారన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. ఖాదర్ భాయ్ తర్వాతి లైన్ చదివాడు. "ఇంటిదాని బావి తాడుకి ఎన్ని మూరలు..." అంటూ తలెత్తాడు. కుళాయి దగ్గర నీళ్ళు కారుతూనే ఉన్నాయి, పళ్ళెం నిండి పొర్లుతోంది, గంగారాం చేతులు కదలడం లేదు. ఆయన ముఖం చూశాడు ఖాదర్ భాయ్. మళ్ళీ పుస్తకంలోకి చూశాడు. ఒక్క క్షణం కూడా తడబడకుండా చదువుతూపోయాడు. "ఒక ఒంటె ఉన్నెంట. దానికి ఖర్జూరం చెట్టు ఎక్కాలని ఆశంట. ఎక్కలేక కిందనే కూలబడి ఏడ్చెనంట. ఆ ఒంటె ఎవురో కాదబ్బా, ఈ స్టోర్ సాబే! ఇంగ్లీషోళ్ళకు ఇదే పెద్ద కవిత్వమంట. ఎవురి పేరూ లేదు, సిమెంటూ లేదు. పోండి, పోయి గుడ్డలారేసుకోండి."

ఫోర్‌మన్ నోటిలోంచి పుల్ల తీసి పారేసి వెళ్ళిపోయాడు. జనం ఒంటెను వెక్కిరిస్తూ చెదిరారు. నా ఏకైక కవిసమ్మేళనం అలా ముగిసింది. ఖాదర్ భాయ్ పుస్తకం నా రొమ్ముకు ఆనించి, నాకు మాత్రమే వినబడేట్టు, "సిగ్గులేదా నీకి?" అన్నాడు. నెల రోజుల దాకా నా ఉత్తరాలు చేతికివ్వలేదు, స్టోరు గుమ్మంలో విసిరేసేవాడు.

గంగారాం నన్ను కొట్టలేదు. తిట్టలేదు కూడా. తర్వాతి శుక్రవారం కేసెట్ పట్టుకుని మామూలుగానే వచ్చాడు. నేను ఏసీ ఆపి, మీటలు నొక్కి, బయటికి పోబోతే, "కూసో," అన్నాడు. "ఎట్లన్న ఇంటవ్ గద. తలుపు సందుల ఎందుకు, ఈడనే కూసోని ఇను."

కూర్చున్నాను. ఆయన నా వైపు చూస్తూనే మైకులో చెప్పాడు. "రాజవ్వా, నేను మంచిగున్న. డ్యూటీ మంచిగున్నది. తింటున్న. పిల్లలను బడికి తోలు. ఉంట మరి." అరనిమిషం కూడా పట్టలేదు. లేచి, "సరిపాయెనా?" అని అడిగి పోయాడు. ఆ కంపెనీలో ఇద్దరం ఇంకా నాలుగేళ్ళు ఒకే రూమ్‌లో ఉన్నాం. అంత జరిగినా ఆయన నా కంచం కడగడం మానలేదు. ట్యాంకు పూర్తయ్యేదాకా ఎక్కుతూనే ఉన్నాడు. కేసెట్ మాత్రం ఎప్పుడూ ఆ అరనిమిషమే.

ఇప్పుడు ఫోన్లో ముఖం చూస్తూ మాట్లాడుతున్నారు. దుబాయ్‌లో ఉన్న మా మేనల్లుడు బస్సులో, పదిమంది మధ్య, స్పీకర్ పెట్టి పెళ్ళాంతో పోట్లాడతాడు. ఎవరు వింటున్నారన్న అనుమానమే లేదు వాడికి. వినదగ్గది ఉంటే కదా అని నేను అనుకుంటాను, కాని అది ముసలివాడి ఓర్వలేనితనం కూడా కావచ్చు. వాడు రోజుకు మూడుసార్లు ఆమె ముఖం చూస్తాడు. మేం ఏడాదికి నాలుగు కేసెట్లలో బతికాం. ఏది మేలో నన్నడిగితే, నాకు దొంగిలించడానికి వీలైన కాలమే నాకు బాగుండేదని చెప్పాల్సి వస్తుంది.

పుస్తకం దొరికిన వారానికి కోరుట్ల పోయాను. గంగారాం బతికే ఉన్నాడు. కప్పు వేసిన ఇల్లు, ముందు గదిలో సైకిల్ రిపేరు దుకాణం. నన్ను చూసి కుర్చీ వేశాడు, ఆశ్చర్యపడలేదు. రాజవ్వను నేను చూడటం అదే మొదటిసారి. గొంతు మాత్రం నాకు తెలుసు. అప్పట్లో తిరిగొచ్చిన కేసెట్లు కూడా నా రికార్డర్‌లోనే మోగేవి కదా. ఛాయ్ గ్లాసు చేతికిస్తూ ఆమె మాటల్లో పడింది.

"అన్నా, నువ్వు ఆడ ఈయనతోని ఒక్క రూములున్నవంటివి గద. ఇప్పుడన్న నిజం చెప్పు. మొదలు మొదలు మంచిగ మాట్లాడేటోడు. ఏమైందో, ఒక్కసారే మారిండు. మంచిగున్న, తింటున్న, ఉంట. గంతే. ఆడ ఇంకెవలన్న ఉండెనా? నేను చాన్నాళ్ళు అనుమానపడ్డ. అడిగితె నవ్వుతడు గని చెప్పడు."

గంగారాం సైకిల్ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. తలెత్తలేదు. ముప్పై ఏళ్ళు ఈ మనిషి పెళ్ళాం అనుమానాన్ని నెత్తిన మోసి నా పేరు చెప్పలేదని అప్పుడు తెలిసింది నాకు. కథలు అల్లడంలో నాకు ఎదురులేదు. ఎండకు అలా అయిపోతారమ్మా అనవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"ఉండె చెల్లే," అన్నాను. "మీ ఇద్దరి నడుమ ఇంకో మనిషి ఉన్నది నిజమే. అది నేనే."

మొత్తం చెప్పాను. పుస్తకం తీసి ముందు పెట్టాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. మొగుడి వైపు, నా వైపు చూసి, "ఏం రాసినవో సదువు," అంది. భూతద్దం పెట్టి, ఒక్కో లైనూ తెలుగు చేసి చదివాను. ప్రతి లైనుకూ ఆమె తల అడ్డంగా ఊపింది. "గట్ల అనలే ఆయన," అంది. తర్వాత తనే చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడా తడుముకోలేదు. పట్టుకునేటందుకు ఏం లేదండ్ల, ఎవలు కొలుస్తరు, ఇంటి సప్పుడు ఇంట. తొట్టిలో గంగారాం చేయి ఆగిపోయింది.

నేను చివరి భాగానికి వచ్చాను. చందమామ గురించి చదవబోయాను.

"అదెక్కడిది?" అంది రాజవ్వ. "అటెనుక ఆయన ఏం మాట్లాడలే. టేపు అయిపోయేదాంక ఊకెనే కూసున్నడు. నేను మస్తుసార్లు ఇన్నది గదే."